నాట్యమునకు నేల



నాట్యమును గూర్చి ముచ్చటించుకొనునప్పుడు మనము నర్తకి కన్నులను మెచ్చుకొందుము, హస్తములను మెచ్చుకొందుము, గజ్జెల రవళిని మెచ్చుకొందుము. పాటను, మృదంగమును, తుదకు పట్టుచీర యంచును గూడ మెచ్చుకొందుము. ఆ గజ్జెకాళ్లు మోపిన నేలను గూర్చి మాత్ర మెవ్వరును ఒక్క మాటయైన పలుకరు. పంటను మెచ్చి పొలమును మరచుట వంటిదే యిది. నేటి ప్రసంగమున నేను చెప్పదలచిన దా నేల చరిత్ర. నాట్యమునకు నేల యొక యంగమని మన పూర్వులెరిగిరి. సిమెంటు వచ్చిన పిదప మనము మరచితిమి. ఆ మరపునకు మన పిల్లల మోకాళ్లు మూల్యము చెల్లించుచున్నవి. మన యూరి వడ్రంగి చేతిలో నున్న యొక చిన్న యుపాయముచే దీనిని సరిదిద్దుకొనవచ్చును. ఇదియే నా మనవి.

మొదట భరతముని మాట చూతము. నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయ మంతయు నాట్యమండపమును గూర్చినదే. అభినయమునకును, రసమునకును, తాళమునకును ముందుగా ముని నేలను, గోడలను, స్తంభములను వివరించెను. మండపములు మూడు విధములు: దీర్ఘచతురస్రమగు వికృష్టము, నాలుగు భుజములు సమానమగు చతురస్రము, ముక్కోణమగు త్ర్యస్రము. పరిమాణములును మూడు: 108 హస్తములు, 64 హస్తములు, 32 హస్తములు. హస్తమనగా 24 అంగుళములు, అనగా మన మూర. వీనిలో మనుష్యులకు 64 హస్తముల పొడవును, 32 హస్తముల వెడల్పును గల మధ్యమ మండపమే తగినదని నిర్ణయము. అంతకు మించినచో మాట వినబడదు, ముఖమునందలి భావము కనబడదు. శాస్త్రకారుడు కేవలము ఆకాశమును చూచి వ్రాయలేదు. ప్రేక్షకుని చెవిని, కంటిని కొలిచి వ్రాసెను.

ఇక నేల. స్థలము సమముగను, గట్టిగను ఉండవలెను. దానిని నాగలితో దున్ని ఎముకలు, మేకులు, పెంకులు, గడ్డి మొదలగువానిని ఏరివేయవలెను. పుష్యమీ నక్షత్రమున తెల్లని సూత్రము పట్టి కొలవవలెను. రంగశీర్షమను భాగమున ఆరు కొయ్యలతో కట్టడము చేసి, దానియందు రాళ్లు, గడ్డలు లేని నల్లమట్టి నింపవలెను. ఆ తలము పరిశుద్ధమగు నద్దమువలె సమముగ నుండవలెను. అది కూర్మపృష్ఠము కారాదు, మత్స్యపృష్ఠమును కారాదు. అనగా తాబేటి వీపువలె నడుమ ఉబ్బియుండరాదు. చేప వీపువలె నిలువున వెన్ను తేలియుండరాదు. ఆ మట్టి క్రింద తూర్పున వజ్రము, దక్షిణమున వైడూర్యము, పడమట స్ఫటికము, ఉత్తరమున పగడము, నడుమ బంగారము ఉంచవలెనని గూడ విధించెను.

రత్నముల మాట విని కొందరు నవ్వుదురు. ఒక్క క్షణ మాలోచింపుడు. ప్రేక్షకులకు కనబడని చోట, ఎవ్వరును మెచ్చుకొనని చోట, పాదముల క్రింద ధనమును పాతిపెట్టుమనుటలోని భావమేమి? కనబడు వేషమునకు ఖర్చుపెట్టువా డందరిలోను గలడు. కనబడని యాధారమునకు ఖర్చుపెట్టువాడే పెద్ద. నేను రత్నముల నుంచుడని కోరను. ఆ గౌరవమును మాత్ర ముంచుడని కోరుదును.

ఇందొక విశేషము గలదు. కొయ్యల కట్టడమునందు మెత్తని మట్టి నింపి సమముచేసిన నేల గట్టిగ నుండియు రాయివలె నుండదు. పాదము మోపినప్పుడు నిలుచును. దెబ్బ పడినప్పుడు కొంచెము లొంగును. నిలుచుట, లొంగుట అను నీ రెండు గుణములును గలదే నాట్యమునకు తగిన నేల.

“అట్లైనచో మన గుళ్లలో రాతి మండపములు గలవు గదా, అక్కడ నృత్యము జరుగలేదా?” యని మీ రడుగవచ్చును. జరిగినది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలో రంగమండపము శిలామయమే. 2021లో ప్రపంచ వారసత్వ సంపదలలో చేరిన యా గుడికి నేడును వేలకొలది జనులు పోయి, స్తంభములపై నిలిచిన నల్లరాతి మదనికలను చూచి విస్మయపడుచున్నారు. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించి, మార్గనృత్తమును, దేశినృత్తమును సమగ్రముగ వివరించెను. అట్టి కాలమున శిలపై నాట్యము సాగినమాట నిజమే. కాని ఆ శిల దేవుని యెదుట శాశ్వతముగ నుండుటకై పరచినది. దేవాలయ నర్తకులకు భూములు, ఇండ్లు ఇచ్చిన సంగతిని శాసనములు చెప్పును. వారి కీళ్ల నొప్పులను శాసనముపై చెక్కించు రాజెవ్వడు? స్తంభముపై చెక్కిన మదనికకు మోకాలు నొవ్వదు. మన పిల్లకు నొచ్చును.

గుడి మండపమునుండి వీధిలోనికి వచ్చినచో వేరొక చరిత్ర కనబడును. కృష్ణాతీరమున కూచిపూడి భాగవతులు తరతరములుగా మన గ్రామములలో ఆడినది మట్టినేలపైననే. గోలకొండ యేలిన అబుల్ హసన్ తానాషా కూచిపూడి గ్రామమును భాగవతులకు అగ్రహారముగ నిచ్చెనని వారి సంప్రదాయము చెప్పును. ఆతని పాలనము 1672 మొదలు 1687 వరకు. గుడియెదుట విశాలమగు చోటు చూచి, ఇద్దరు తెర పట్టగా, దివిటీల వెలుగున భామాకలాపమును, గొల్లకలాపమును ప్రదర్శించుచుండిరి. ఆటకు ముందు చేయు పూర్వరంగమున నేల నూడ్చుట, నీరు చల్లుట, ముగ్గు పెట్టుట యనునవి విధులు. వీనిని కేవలము మంగళాచారములని తలపకుడు. ఊడ్చినచో ముల్లు పోవును. నీరు చల్లినచో దుమ్మణగి మన్ను బిగియును. ముగ్గు పెట్టుటకు వంగిన చేతికి మిట్టపల్లములు తెలియును. ఆచారములోనే శాస్త్ర మిమిడియున్నది.

ఆ భాగవతుల విద్యలో నేలతో నేరుగా పని గల యంశములును గలవు. తరంగమాడునప్పుడు నర్తకి ఇత్తడి పళ్లెపు టంచులపై పాదములుంచి తాళముతో దానిని నడిపించును. సింహనందినిలో నేలపై రంగుపొడి పరచి, దానిపై వస్త్రము కప్పి, అడుగుల విన్యాసముచేతనే సింహము బొమ్మను చిత్రించును. నేలయే యచ్చట పలక; పాదమే బలపము. పలక వంకరయైనచో అక్షరము కుదురునా?

ఇక కొయ్య వేదికల సంగతి. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజము వారు ఆంధ్రదేశమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చిన పిదప మనవారికి ఎత్తైన రంగస్థలముపైని, తెరలపైని ఆసక్తి పెరిగినది. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస వంశీయులు కీచకవధ నాటకమాడి, తోలుబొమ్మలాట నుండి రంగస్థల నాటకమునకు దారి మార్చుకొనిరి. నాటినుండి సురభి సమాజములు తెరలు, కర్రలు, సామగ్రి యంతయు వెంటగొని ఊరూర తిరుగుచు, ఎచ్చట దిగిన నచ్చట నాటకశాలను నిలబెట్టి, ఆట లైన పిదప విప్పి మరల కట్టుకొని పోయెడివారు. విప్పి మోసికొనిపోగల వేదిక మన తెలుగువారికి క్రొత్త కాదని దీనిచే తెలియుచున్నది.

ఇతర దేశములందును ఈ తెలివి గలదు. ఐర్లండు దేశమున పల్లెజనులు నృత్యమాడదలచినప్పుడు ఇంటి తలుపును బందులనుండి ఊడదీసి నేలపై పరచి, దానిపై ఆడెడివారు. ఆ నృత్యమున కాలిచప్పుడే ప్రాణము. మట్టి యా చప్పుడును మ్రింగును, కొయ్య పలికించును. జపాను దేశపు నో నాటకశాలలో వేదికను హినోకి యను వృక్షపు పలకలతో నిర్మింతురు. ప్రాచీన వేదికల క్రింద పెద్ద పెద్ద మట్టిజాడీలను అమర్చిరి. నటుడు పాదముతో తట్టినప్పుడు ఆ శబ్దము గంభీరముగ మ్రోగుటకై యీ యేర్పాటు. వీణకు కుండ యెట్టిదో, వేదికకు క్రిందనున్న శూన్యమట్టిది. నేలయు నొక వాద్యమే యని వారు గ్రహించిరి.

మనదేశమున ఇరువదవ శతాబ్దమున రెండు మార్పులు వచ్చినవి. మొదటిది మంచి మార్పు. పురుషులకే పరిమితమై యుండిన కూచిపూడి నాట్యము బాలికలకు లభించినది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వంటి పెద్దలు స్త్రీలకు నేర్పిరి. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి దేశవిదేశముల శిష్యులను తయారుచేసిరి. నేడు చిన్న పట్టణములలో గూడ సాయంకాలమైనచో గజ్జెల సవ్వడి వినబడుచున్నది. రెండవ మార్పు నేలకు వచ్చినది. మట్టి యిండ్లు పోయి గచ్చు వచ్చినది. గచ్చు పోయి సిమెంటు, దానిపై నాపరాయి, చలువరాయి, పింగాణి పలకలు వచ్చినవి. పాఠశాలలోని వేదికయు సిమెంటే, గుడి యెదుటి కళావేదికయు సిమెంటే. విద్య వ్యాపించినది, ఆ విద్యకు తగిన నేల మాయమైనది.

దీనివలన హాని యేమి? లెక్కల మేష్టరుగా గూడ పనిచేసినవాడను గనుక చిన్న లెక్క చెప్పెదను. సెకనునకు ఒక దెబ్బ చొప్పున అడుగు వేసినను అరగంటకు 1,800 దెబ్బలగును. రెండవ కాలమున 3,600. అరమండిలో మోకాళ్లు వంచి, అంగభారమంత మోపి కొట్టు దెబ్బ లవి. తట్టినంత బలమును నేల తిరిగి పాదమునకు పంపును. లొంగు నేల ఆ బలములో కొంత తాను పుచ్చుకొనును. సిమెంటు ఏమియు పుచ్చుకొనదు. అది మడమనుండి పిక్కయెముకకు, అచ్చటనుండి మోకాలికి, తుంటికి, నడుమునకు ఎక్కును. ఒక దెబ్బకు ఎముక విరుగదు. దినదినము పడు దెబ్బలకు సన్నని బీటలు రాగలవు, కీళ్లు వాచగలవు. ఎదుగుచున్న పిల్లల యెముకల విషయమున మరింత జాగ్రత్త వలయును.

నా మనుమరాలు పదియేండ్ల ప్రాయమున నాట్యము నేర్వసాగినది. ఏడాది తిరుగులోపల సాధన చేసిన ప్రతిరాత్రియు పిక్కలు పట్టి యేడ్చుచుండెడిది. “ఓర్చుకోవలె, విద్య యూరక రాదు” అని ఇంటివారనుచుండిరి. వైద్యుడు పరీక్షించి మందుకంటె ముందు “పిల్ల దేనిపై ఆడుచున్నది?” అని యడిగెను. ఆ ప్రశ్న నన్ను మరల నాట్యశాస్త్రము రెండవ యధ్యాయమునకు పంపినది. మరునాడే మా యూరి వడ్రంగిని పిలిపించి విషయము చెప్పితిని. ఆతడు తలగోకుకొని, “పంతులుగారూ, తలుపు చెయ్యమంటే చేస్తాను గానీ, తొక్కడానికి తలుపేమిటండీ?” అనెను. ఐర్లండు కథ చెప్పగా నవ్వి పనికి పూనుకొనెను.

మేము చేయించిన విధమును వివరించెదను. మీరును మీ యూళ్లలో చేయించుకొనవచ్చును. ఒక పిల్ల సాధనకు 8 అడుగుల పొడవును, 8 అడుగుల వెడల్పును గల నేల చాలును. దానిని ఒకే ముక్కగా చేసినచో మోయలేము. కాబట్టి 4 అడుగుల చతురస్రములు నాలుగు చేయవలెను. ఒక్కొక్క దానికి 18 మిల్లీమీటర్ల మందముగల మంచి ప్లైవుడ్డు తగును. ఒక్క ముక్క బరువు సుమారు 20 కిలోలుండును. ఇద్దరు సులభముగ నెత్తి గోడకు చేర్చి నిలుపవచ్చును.

రహస్యమంతయు క్రింది వైపున గలదు. ఒక్కొక్క ముక్క అడుగున 3 అంగుళముల చతురస్రముగ, ఒక అంగుళము మందముగ కోసిన రబ్బరు దిండ్లను అడుగు కొకటి చొప్పున అయిదు వరుసలుగా, వరుసకు అయిదేసి అతికింపవలెను. ముక్కకు 25, మొత్తము 100. అంచుల వెంబడి వరుస తప్పక యుండవలెను. లేనిచో అంచు క్రుంగి కాలు మడతపడును. రబ్బరు ఎట్టిది కావలెననగా, చేతితో గట్టిగ నొక్కినచో కొంచెము లొంగి, విడిచిన తక్షణము యథాస్థితికి రావలెను. పరుపులో వాడు మెత్తని నురుగు పనికిరాదు. దానిపై పాదము నిలువక చీలమండ బెణుకును. లొంగుట యెంత ముఖ్యమో నిలుచుటయు నంతే ముఖ్యమని ముందే మనవి చేసితిని గదా.

ముక్కకు ముక్క కలియుచోట అంచున కొయ్య కుసులను బిగించి, రెండవ ముక్కలో వానికి తగిన బెజ్జములు తొలిపింపవలెను. కుసి బెజ్జమున దిగినచో నాలుగు ముక్కలు ఒక్క నేలయై కదలక నిలుచును. పైభాగమున మేకు తల యొక్కటియు తేలరాదు. గరకు కాగితముతో బాగుగ రుద్ది, అంచులు గుండ్రముచేసి, పేడు లేకుండ చూడవలెను. ఆడునది వట్టి పాదము. అవిసెనూనె పలుచగ పట్టించి పూర్తిగ ఆరనీయవలెను. మెరుపుకొరకు వార్నీషు దట్టముగ పూయరాదు, జారును.

నేల పరచిన పిదప మా వడ్రంగి ఒక మూలనుండి ఎదుటి మూలకు దారము బిగించి పట్టి, వంగి చూచి, “కొయ్య ప్రాణమున్న దండీ. ఎండకొక తీరు, వానకొక తీరు వంగుతుంది. నడుమ ఉబ్బిందో, వెన్ను తేలిందో నెలకోసారి చూసుకోండి” అనెను. నేను నిర్విణ్ణుడనైతిని. నాట్యశాస్త్రము పేరైన విననివాడు కూర్మపృష్ఠమును, మత్స్యపృష్ఠమును నా కన్నులయెదుట వివరించెను! భరతుడు ఆ మాటలను ఏ వడ్రంగి నోటనో విని శ్లోకమున కూర్చియుండునని నాకు తోచినది. శాస్త్రమును, చేతిపనియు ఒకే తల్లి బిడ్డలు. వాన నీరు తగులకుండ, పరచియుంచక నిలువుగ నిలిపి దాచినచో ఆ దోషములు త్వరగ రావు.

శాశ్వతమగు వేదిక కట్టించువారికి వేరొక మార్గము గలదు. రబ్బరు లేకుండ కొయ్యయే లొంగునట్లు చేయవచ్చును. క్రింద ఎడముగ రీపరులు పరచి, వానికి అడ్డముగ రెండవ వరుస వేసి, దానిపై మూడవ వరుసను, క్రింది రీపరుల నడిమి సందులకు ఎదురుగ వచ్చునట్లు వేసి, ఆపై పలకలు బిగింపవలెను. అప్పుడు బరువు తిన్నగ నేలకు దిగక నడిమి వరుసపై బడి, ఆ కొయ్య విల్లువలె వంగి మరల లేచును. నులకమంచముపై కూర్చున్నవాని భారమును నులక పంచుకొనునట్లే యిదియు. సిమెంటు వేదికను పగులగొట్టనక్కరలేదు; దానిపైననే యీ కట్టడమును పరచవచ్చును.

మా యింట నేల పరచిన నాడు మనుమరాలు గజ్జె కట్టి నాలుగు జతులు తట్టి చటుక్కున ఆగి, “తాతయ్యా, ఇది నాతో మాట్లాడుతోంది” అన్నది. సిమెంటుపై చప్పుడు పైకి చిట్లును. కొయ్యపై లోతుగ పలుకును. తాళము తప్పినచో చెవికి తక్షణము తెలియును. నొప్పి నెలలు గడచిన కొలదియు తగ్గినది. దానికి వైద్యుడు చెప్పిన విశ్రాంతియు తోడ్పడినది. అన్ని నొప్పులను పలక యొక్కటే మాన్పునని నేను చెప్పను. నొప్పి యున్నచో వైద్యుని చూడవలసినదే. కాని నొప్పిని దినదినము పెంచు కారణమును ఇంటినుండి తొలగించుట పెద్దల చేతిలోని పని.

పెద్దలారా, మీలో పలువురు గుడి ధర్మకర్తలుగను, పాఠశాల కమిటీలలోను, ఉత్సవ సంఘములలోను ఉన్నవారు. ఉత్సవమునకు విద్యుద్దీపములకు, మైకులకు, శాలువలకు ధనము వెచ్చింతుము. పిల్లలు మండుటెండలో కాగిన సిమెంటుపై పాదములు కాల్చుకొనుచు ఆడి, దిగి వచ్చిన పిదప వారి మెడలో దండ వేసి చప్పట్లు కొట్టుదుము. రాబోవు సంవత్సరమున శాలువలు రెండు తగ్గించి, ఊరి పేరిట పదునారు కొయ్య ముక్కలు చేయించుడు. 16 అడుగుల చతురస్ర మగును. పలువురు పిల్లలు కలసి యాడుటకు చాలును. గుడిలో నొక మూల నిలిపియుంచినచో ఉత్సవమునకు గుడికి, వార్షికోత్సవమునకు పాఠశాలకు, పండుగకు ప్రక్క యూరికి గూడ బండిపై పోగలదు. వడ్రంగికి పని దొరకును. పిల్లకు నేల దొరకును.

ఆ ముక్కల క్రింద వజ్రవైడూర్యములు ఉంచనక్కరలేదు. ముక్కకు ఇరువదియైదేసి రబ్బరు దిండ్లు చాలును. కనబడని చోట పెట్టిన యా కొద్దిపాటి ఖర్చు, ఏబదియేండ్ల ప్రాయమున మెట్లెక్కునప్పుడు నేటి బాలికకు తెలియును.

సెలవు.